ఉడికే మిక్సీకి కొత్త రబ్బరు

మొన్న మా మేనకోడలు ఫోన్లో ఒక బొమ్మ చూపించి, "అత్తా, ఒకే గిన్నెలో రుబ్బి, అదే గిన్నెలో ఉడికించే మిక్సీ అట. ఇలాంటిది రావడం ఇదే మొదటిసారట!" అంది. చెయ్యి పట్టుకుని వెనక వరండాలోకి తీసుకెళ్ళి, బల్ల మీద కప్పి ఉన్న పాత చీర లాగేశాను. ఏడు మిక్సీలు. ఒక్కటి కూడా ఆ పిల్ల కన్నా చిన్నది కాదు. అన్నీ రుబ్బేవే, అన్నీ ఉడికించేవే. ఆరింటిని విడిభాగాల కోసం ఉంచాను. ఏడోదాంట్లో ఇప్పటికీ ఆదివారం పూట కొర్రమేను సూపు కాస్తాను.

"ఇంత పాత సామాను ఇంట్లో ఎందుకత్తా?" అంది.

"తుక్కు కింద తూకానికి వేసెయ్యమన్నారు. అందుకని ఉంచాను" అన్నాను.

నిజానికి ఇవి ఎనిమిది. ఎనిమిదోది ఎక్కడుందో చివర్లో చెప్తాను. ఈ కథ ముఖ్యంగా ఆసుపత్రి వంటశాలల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిల కోసం రాస్తున్నాను. మీకు చదువులున్నాయి, మెడలో గుర్తింపు కార్డులున్నాయి. మాకు ఏప్రాన్లు కూడా చిరిగిన దుప్పట్లతో కుట్టించినవే. కానీ మిమ్మల్ని కూడా ఏదో ఒక రోజు ఒక గదిలోకి పిలిచి, ఫ్యాను వేసి, కాఫీ ఇచ్చి, "మీ దగ్గర పనిచేసే ఫలానా మనిషిని మానిపించెయ్యండి" అంటారు. ఆ రోజు కోసం రాస్తున్నాను.

నేను పనిచేసింది ఏలూరులో. ఒకప్పుడు విదేశీ నర్సమ్మలు నడిపిన ఆసుపత్రి. వంటశాలకి నేనే ఇన్‌ఛార్జిని. మొదటి మిక్సీ నాకు ఆ నర్సమ్మల్లో ఆఖరావిడ ఇచ్చింది. ముసలితనం వచ్చి స్వదేశం వెళ్ళిపోతూ, బైబిలు చదివి నేర్చుకున్న తెలుగులో, "దీనిని నీవు ఉంచుకొనుము, పారవేయకుము" అంది. నేను ఆ మాట మీదే నిలబడ్డాను.

ఆ మిక్సీ ఎలా ఉండేదంటే, మీగడ రంగు ఒళ్ళు, రెండు పెద్ద మరలు. ఒకటి వేగానికి, ఒకటి వేడికి. స్టీలు గిన్నె అడుగున కాయిలు ఉండేది. మూతకి లోపలి అంచున గాడి, ఆ గాడిలో ప్రెషర్ కుక్కరుకి ఉన్నట్టే రబ్బరు. నిండు బిందె ఎత్తినంత బరువు. కింద నాలుగు కాళ్ళలో ఒకటి ఊడిపోయింది. అది తిరిగేటప్పుడు ఊగకుండా అట్టముక్క మడిచి పెట్టేవాళ్ళం. వారానికో అట్టముక్క నలిగిపోయేది.

గొంతు ఆపరేషన్లయినవాళ్ళు, నోరు పూసినవాళ్ళు, దవడలు విరిగినవాళ్ళు మా వార్డుల్లో ఎప్పుడూ ఉండేవారు. వాళ్ళు నమలలేరు. మామూలు మిక్సీలో వేస్తే పలుకు మిగిలిపోతుంది. వడగట్టి పొయ్యి మీద పెడితే ఉండలు కడుతుంది. ఈ మిక్సీలో బియ్యం, పప్పు, నీళ్ళు వేసి మర తిప్పితే చాలు, వేడివేడిగా, నున్నగా, గొట్టంతో పీల్చుకునేలా వచ్చేది. తిండి మీద ఆశ వదిలేసిన మనిషి చారన్నం మొత్తం పీల్చుకుని గ్లాసు ఖాళీ చేస్తే చూడటానికి ఎంత సంతోషంగా ఉంటుందో, అది మీకు ఏ క్లాసులోనూ చెప్పరు.

రెండువేల సంవత్సరం దాటాక ఆ కాయిలు కాలిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. అప్పుడు మా పాస్టరమ్మగారు అన్నారు. "కువైటు నుంచి వచ్చినోళ్ళ ఇళ్ళల్లో అడగండి, ఇలాంటివి మంచాల కింద బోలెడు పడుంటాయి" అని.

మా జిల్లాలో కువైటు వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు లేని ఊరుండదు. అక్కడి ఇళ్ళల్లో వంటపనికీ పిల్లల పనికీ వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు యజమానురాలు కొత్తది కొనుక్కుని పాతది వీళ్ళ చేతిలో పెడుతుంది. దుప్పట్లలో చుట్టి, అట్టపెట్టెకి తాళ్ళు కట్టి, విమానంలో ఇంటికి తెస్తారు. తీరా చూస్తే ప్లగ్గు మన గోడకి దూరదు. దానివి పలక పుల్లలు, మనవి గుండ్రటి బెజ్జాలు. దాంతో అది మంచం కిందికి చేరిపోతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన స్కూటరు వెనక కూర్చుని తిరిగేదాన్ని. ఉండి అనే ఊరి దగ్గర ఒకళ్ళింట్లో టీవీ కింద ఎత్తుకి పెట్టారు. పెదపాడులో, మా పుట్టింటి వీధిలోనే, ఆ గిన్నెలో కోడిగుడ్లు దాస్తున్నారు. ఒకావిడ అయితే ఇవ్వనే ఇవ్వనంది. "దాని ముందు నిలబడి ఎన్నేళ్ళు ఏడ్చానో మీకు తెలీదండీ. ఊరికే ఎలా ఇచ్చేస్తానండీ?" అంది. నేను కాఫీ తాగి వచ్చేశాను. నెల తర్వాత ఆవిడే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించింది. ఇంటినిండా మిక్సీలు చేరుతుంటే మా ఆయన, "ఇంకొకటి తెస్తే నన్ను కూడా గుడ్డ కప్పి ఆ బల్ల మీదే పడుకోబెట్టు" అనేవారు.

తాడేపల్లిగూడెంలో ఒకమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం వేరే జవాబు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. బక్కపలచటి మనిషి. మిక్సీ బయటికి లాగి, దుమ్ము తుడిచి, "ఇది ఇస్తానండీ. దీన్ని తిప్పడం వచ్చిన మనిషిని కూడా పట్టుకెళ్ళండి మేడంగారూ" అంది.

"ఎవరమ్మా ఆ మనిషి?"

"నేనేనండీ."

అలా వచ్చింది మా వంటశాలకి. అందరూ కువైటమ్మాయి అనేవారు, నేనూ అలాగే రాస్తాను. భర్త పోయాడు. ఒక్క కూతురు. ఆ పాపని చంటిబిడ్డగా తన తల్లి దగ్గర వదిలి కువైటు వెళ్ళి, తిరిగొచ్చేసరికి అది బడికి వెళ్తోంది. కన్నతల్లిని చూసి "ఆంటీ" అందట. ఈమె ఆ మాట చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు, చేతిలో ఉన్న గిన్నెని ఇంకా గట్టిగా తోమేది. మా దగ్గర చేరిన ఏడాదికి ఆ పిల్ల "అమ్మా" అనడం మొదలుపెట్టింది. ఆ రోజు మా అందరికీ బూందీ పంచింది. పాస్‌పోర్టు అప్పటికింకా కువైటు పంపించే ఏజెంటు దగ్గరే ఉండేది. "ఈ పని గనక పోతే మళ్ళీ విమానం ఎక్కాల్సిందేనండీ. ఈసారి వెళ్తే అది నన్ను ఇంక అమ్మా అనదు" అనేది.

వంటశాలలో మాకు ఒక కట్టుబాటు ఉండేది. రెండు మిక్సీలు పనిలో ఉండేవి. ఒకటి చేపల మిక్సీ. కొల్లేటి నుంచి ఒకావిడ బకెట్లో బతికున్న కొర్రమేనులు తెచ్చేది. ముళ్ళు తీసి, అల్లం, మిరియాలు వేసి ఉడికించి రుబ్బితే బాలింతలకీ ఆపరేషన్లయినవాళ్ళకీ బలం. రెండోది పప్పు మిక్సీ. గుడ్డు కూడా ముట్టనివాళ్ళకి దాంట్లోనే. చేపల మిక్సీ మర మీద ఎర్ర రంగు పూశాం. ఒకదాని గిన్నె ఇంకోదాని దగ్గరికి కూడా పోకూడదు. వచ్చే రోగులు ఆ ఎర్ర రంగుని నమ్మి నోరు తెరిచేవారు.

కువైటమ్మాయి వచ్చిన రెండో ఏడాది వానాకాలంలో ఒక మామ్మగారు చేరారు. తాడేపల్లిగూడెంలో స్టీలు సామాన్ల కొట్టున్న వర్తకుల ఇంటావిడ. కొట్టు మెట్ల మీద జారిపడి దవడ విరిగింది. పై పళ్ళకీ కింది పళ్ళకీ తీగలు చుట్టి, నోరు తెరవకుండా కట్టేశారు. పళ్ళు బిగించే మాట్లాడేవారు, అయినా గది బయటికి వినిపించేది. ఇంటి నుంచి తెచ్చిన జావలో పలుకులు తీగల్లో ఇరుక్కుని చీము పట్టేలా ఉందని డాక్టరుగారు మా వంటశాల మీదకి తోసేశారు.

కువైటమ్మాయి ఆవిడకి ముద్దపప్పు ఉడికించి, అందులో ఆవకాయ ఊట ఒక్క చెంచా వేసి, నేతితో నున్నగా తిప్పి పట్టుకెళ్ళింది. మామ్మగారు గొట్టంతో పీల్చి, కళ్ళు మూసుకుని, "ఎవరే పిల్లా నువ్వు, నా నోరు కట్టేసినా ఆవకాయ తినిపించావు" అన్నారు. ఆ రోజు నుంచి వేరే ఎవరు పట్టుకెళ్ళినా తాగేవారు కాదు.

తర్వాత ఒక పొద్దున్న పప్పు మిక్సీ కాయిలు పోయింది. మా కరెంటాయన సెలవులో ఉన్నాడు. నేనే దాన్ని రిక్షాలో పెట్టుకుని, చేపల చెరువుల మోటార్లు బాగుచేసే కొట్టుకి పట్టుకెళ్ళాను. అక్కడ ఆలస్యమైంది. ఈలోగా మామ్మగారి భోజనం వేళ అయ్యింది. కువైటమ్మాయి ఆలోచించింది. మిగతా మిక్సీల కాయిళ్ళేవీ పనిచేసే స్థితిలో లేవు. ఉన్నది చేపల మిక్సీ ఒక్కటే. గిన్నెని చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, ఎండలో పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మిగతా ఇద్దరు వంటవాళ్ళ చేత కూడా చూపించింది. ఏ వాసనా లేదన్నారు. కువైటులో ఆమె పనిచేసిన ఇంట్లో చేపా, మాంసం, పాలూ అన్నీ ఒకే గిన్నెలో ఉడికేవి. చల్లగా ఉన్న గిన్నెకి వాసన లేకపోతే శుభ్రమైనట్టే అనుకుంది.

కానీ వాసన స్టీలుకి లేదు, మూతలోని రబ్బరులో దాక్కుని ఉంది. చల్లగా ఉన్నంతసేపూ అది నోరెత్తలేదు. కందికట్టు మరిగేసరికి ఆవిరిలో కొల్లేరు మొత్తం దిగింది. కట్టులో ఇంగువ ఘాటు ఉండటం వల్ల తిప్పేటప్పుడు ఈమెకి తెలియలేదు. మామ్మగారికి మొదటి గుక్కలోనే తెలిసింది.

వాంతి వచ్చింది. నోరు కట్టేసిన మనిషికి వాంతి వస్తే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే మంచం పక్కన గోడకి తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయరు వేలాడదీసి ఉంచుతారు. నర్సు దాన్ని అందుకుని పరిగెత్తింది. దేవుడి దయ వల్ల కత్తిరించే అవసరం రాలేదు. నేను తిరిగొచ్చేసరికి గది నిండా కోడళ్ళు, మనవరాళ్ళు, ఏడుపులు. గుమ్మం బయట కువైటమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

నన్ను చూడగానే, "నేనేనండీ. ఎర్ర మిక్సీలో చేశాను. కడిగాననుకున్నానండీ" అంది. ఇంకెవరి మీదకీ తోయలేదు. ఇద్దరు వంటవాళ్ళు వాసన చూశారన్న సంగతి కూడా చెప్పలేదు. అది తర్వాత వాళ్ళే చెప్పుకున్నారు.

మర్నాడు అడ్మినిస్ట్రేటరుగారు నన్ను పిలిచారు. చెడ్డాయన కాదు. మా వైపు మనుషులకి మర్యాద ఎక్కువ. గొంతు కోసేటప్పుడు కూడా అండీ అంటాం. ఫ్యాను వేశారు, కాఫీ తెప్పించారు. మామ్మగారి పెద్దబ్బాయి కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. యాభై దాటిన మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏవండీ, మా అమ్మ పుట్టి బుద్ధెరిగి గుడ్డు పెంకు కూడా తొక్కలేదండీ. నోరు కట్టేసి ఉన్న మనిషికి ఇలా చేస్తారాండీ?" అన్నారాయన.

తప్పు జరిగిందని చెప్పాను. తలవంచుకునే చెప్పాను. ఆయన వెళ్ళిపోయాక అడ్మినిస్ట్రేటరుగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"చూడండమ్మా, మూడు పనులు చేద్దాం. ఆ కువైటు అమ్మాయిని రేపటి నుంచి రావద్దని చెప్పండి. ఆ పాత గల్ఫు సామానంతా తూకానికి వేసేద్దాం. కొత్త మిక్సీ ఒకటి కొని, అన్నీ కొత్తవే, ఎవరూ ముట్టనివే అని వాళ్ళకి చెబుదాం. గొడవ సర్దుకుంటుంది."

"కొత్త మిక్సీ ఉడికించదండీ. పలుకు మిగులుతుంది. ఆవిడ నోట్లో మళ్ళీ చీము పడుతుంది."

"అదంతా డాక్టర్లు చూసుకుంటార్లెండి. ముక్కులోంచి గొట్టం వేస్తారు."

"గొట్టం వెయ్యనివ్వనంటున్నారు కదండీ ఆవిడ. నిన్నటి నుంచి కొబ్బరినీళ్ళ మీద ఉన్నారు."

ఆయన నిట్టూర్చారు. "మీకెందుకమ్మా అంత పట్టుదల? పనిమనిషి పోతే ఇంకో పనిమనిషి వస్తుంది."

అప్పటిదాకా నాలో ఉన్నది సిగ్గు. ఆ మాటతో అది కోపంగా మారింది. ఆ అమ్మాయి తప్పు చేసింది, నిజమే. తప్పు చేసి గుమ్మం దగ్గరే నిలబడి, నేనేనండీ అంది. నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆ ఆసుపత్రిలో ఎందరో తప్పులు చెయ్యడం చూశాను. గుమ్మం దగ్గర నిలబడి చెప్పినవాళ్ళని మాత్రం అంతకుముందు చూడలేదు. ఆమెని విమానం ఎక్కించేసి, మేం అబద్ధం చెప్పి, కాఫీ తాగుతూ కూర్చోవాలా?

"ఆమెని పంపించను సార్" అన్నాను. "మిక్సీలు ఆసుపత్రివి కావు, ఇల్లిల్లూ తిరిగి నేను తెచ్చుకున్నవి. వాటిని తూకానికి వెయ్యడానికి మీకు హక్కు లేదు. ఆమె వెళ్తే అవీ వెళ్తాయి, నేనూ వెళ్తాను. ఇక అబద్ధం సంగతి. అది నా నోటి నుంచి రాదు, నా నోరేమీ కట్టేసి లేదు."

"క్షమాపణ రాసివ్వండి అయితే."

"మామ్మగారికి చెప్తాను. మీకు రాయను."

ఈ రోజుకీ రాయలేదు.

వంటశాలకి వచ్చి తాళాలగుత్తి బల్ల మీద పెట్టాను. కువైటమ్మాయి అప్పటికే ఏప్రాను విప్పి మడతపెట్టి ఉంచింది. "నేను వెళ్ళిపోతానండీ. నా మూలంగా మీకు మాట రాకూడదు. ఏజెంటుకి ఫోను చేశాను" అంది.

"మళ్ళీ చెయ్యి. రానని చెప్పు" అన్నాను. "ముందు ఆ ఏప్రాను కట్టుకో. మనం మామ్మగారి గదికి వెళ్తున్నాం."

ఆ ఉదయమే మోటార్ల కొట్టాయన పప్పు మిక్సీ బాగుచేసి పంపించాడు. దాన్ని టీ బండి మీద ఎక్కించి, పక్కన బియ్యం, కందిపప్పు, నీళ్ళు పెట్టుకుని, ఇద్దరం పట్టపగలు వార్డు మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళాం. బండి చక్రం ఒకటి కీచుమంటోంది. నర్సులందరూ తలలెత్తి చూశారు. చూడనీ అనుకున్నాను.

గదిలో పెద్దబ్బాయి లేచి అడ్డం నిలబడ్డారు. "మళ్ళీ ఈవిడ్నే తీసుకొచ్చారేంటండీ?"

మంచం మీద నుంచి పళ్ళ సందుల్లోంచి గొంతు వచ్చింది. "రానియ్యరా. ఏం చెప్తారో విననీ." మొహం పీక్కుపోయి ఉంది, కళ్ళు మాత్రం మండుతున్నాయి. కువైటమ్మాయి వైపు చూసి, "నీ చేత్తోనే తాగాను కదే. నా నోరు కట్టి ఉండగా చేప పోస్తావా?" అన్నారు.

"పోశానండీ మామ్మగారూ. కావాలని కాదండీ. గిన్నె చల్లగా ఉన్నప్పుడు వాసన చూశాను. వేడెక్కితే వస్తుందని తెలీలేదండీ." కాళ్ళ మీద పడలేదు. అలా పడనందుకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది.

నేను చెప్పాల్సింది నేను చెప్పాను. "మామ్మగారూ, తప్పు మా వంటశాలది, క్షమించండి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇది పప్పు మిక్సీ. మా ఆసుపత్రిలో దీంట్లో చేప ఎప్పుడూ పడలేదు. కానీ దీని ఒళ్ళు ఒక విదేశీ నర్సమ్మది. కాయిలు కువైటు ఇంట్లోంచి వచ్చింది. గిన్నె ఇంకో ఇంటిది. అక్కడ వీటిల్లో ఏమేం ఉడికాయో నాకు తెలీదండీ. మాంసం ఉడికే ఉంటుంది. అసలు ఏమీ ముట్టని ఉడికే మిక్సీ మా దగ్గర ఒక్కటి కూడా లేదు. ఉందని చెప్పమన్నారు. చెప్పనన్నాను."

గుమ్మం దగ్గర అడ్మినిస్ట్రేటరుగారు నిలబడి ఉన్నారని అప్పుడే చూశాను. బండి తోసుకెళ్తుంటే ఎవరో చెప్పి ఉంటారు. చిన్నకోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దబ్బాయి, "అమ్మా, విజయవాడ తీసుకెళ్ళిపోతాను, ఇక్కడొద్దు" అన్నారు.

నేను ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అప్పుడు మామ్మగారు చెయ్యి చాపి, "ఆ మూత ఇటియ్యి" అన్నారు.

ఇచ్చాను. గాడిలోంచి రబ్బరు గోటితో లాగారు. సాగదీశారు, మడిచారు, వేళ్ళ మధ్య నలిపి చూశారు. నలభై ఏళ్ళు స్టీలు సామాన్ల కొట్టు గల్లా దగ్గర కూర్చున్న చేతులు అవి. కుక్కరు రబ్బర్లు ఎన్ని అమ్మి ఉంటారో.

"నాతో నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్తున్నా" అన్నారు. "మా కొట్లో గిన్నెలు నిగనిగలాడేవే అమ్ముతాం. మాకు రాకముందు ఆ ఇనుము ఏ తుక్కులో కరిగిందో ఎవరు చూశారు? అగ్గిలో పడింది, కొత్తదైంది. దానికి నాకు పట్టింపు లేదు. రబ్బరు అగ్గిలో పడదు. అది ఎవరిదో నోట్లో పెట్టుకోలేను." కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, గూడెం వెళ్ళి మన కొట్లో మూడో అరలో ఉన్న రబ్బర్లు పట్రా. చిన్న కుక్కరువి. నాలుగు కొలతలూ తే."

"అమ్మా, ఇంత జరిగాక కూడా..."

"నోరు కట్టింది నాకురా, నీక్కాదు. ఆకలి కూడా నాకే. వెళ్ళు."

ఆయన వెళ్ళారు. పాసింజరు బండికి వెళ్ళి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చారు. మేం ఆ గదిలోంచి కదల్లేదు. నాలుగింటిలో మూడు పట్టలేదు, నాలుగోది వదులుగా ఉంది. కువైటమ్మాయి దాన్ని గాడిలో సర్ది, తడిగుడ్డ మడిచి మూత మీద పెట్టి, రెండు అరచేతులతో అదిమిపట్టి నిలబడింది.

"ముందు ఉత్త నీళ్ళు కాచి చూపిస్తానండీ మామ్మగారూ" అంది.

నీళ్ళు మరిగాయి. మూత తీసి, ఆవిరి ఆవిడ మొహం ముందుకు తెచ్చింది. మామ్మగారు ముక్కుతో గట్టిగా పీల్చారు. అందరం ఆవిడ మొహమే చూస్తున్నాం. ఇంకోసారి పీల్చారు.

"కొత్త రబ్బరు వాసన" అన్నారు. "మా కొట్టు వాసన. పోసెయ్యి."

చారన్నం తిప్పింది. ఆవిరి మూత అంచుల్లోంచి తన్నుకొచ్చి ఆమె మణికట్టు కాలింది. చెయ్యి తియ్యలేదు. మామ్మగారు గ్లాసు సగం ఖాళీ చేసి గుమ్మం వైపు చూశారు.

మళ్ళీ వచ్చి అక్కడ నిలబడిన అడ్మినిస్ట్రేటరుగారు గొంతు సవరించుకుని, "ఆ అమ్మాయిని ఇవాళ్టి నుంచి మానిపించేస్తున్నామండీ మామ్మగారూ, మీరేమీ అనుకోకండి" అన్నారు.

"మానిపించేస్తే రేపు పొద్దున్న నాకెవరు పోస్తారు? మీరా?" అన్నారు మామ్మగారు.

నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఉద్యోగంలో ఉండగా పైఅధికారి ముందు అంత పైకి నవ్వింది అదొక్కసారే.

ఇదంతా విని నేను గెలిచానని అనుకోకండి. అడ్మినిస్ట్రేటరుగారు నన్ను మనసులో పెట్టుకున్నారు. మరుసటి నెలలో నన్ను వంటశాల నుంచి తీసేసి దుప్పట్లు ఉతికించే పనికి మార్చారు. ఏడాది అక్కడే ఉన్నాను. రోజూ పొద్దున్నే దారి మళ్ళించుకుని వంటశాల మీదుగా వెళ్ళేదాన్ని. ఎవరూ ఆపలేదు. వంటశాలలో కొత్త అలవాటు వచ్చింది. రెండు మిక్సీల్లోనూ ముందు ఉత్త నీళ్ళు మరిగించి, ఆవిరి వాసన చూశాకే బియ్యం పోసేవాళ్ళు. అడ్మినిస్ట్రేటరుగారు మారాక నన్ను మళ్ళీ అక్కడే వేశారు. రిటైరయ్యే రోజున నాకు గోడగడియారం ఇచ్చారు. అది ఆగిపోయి చాలాకాలమైంది. మిక్సీలు ఆగలేదు.

మీకు చెప్పాలనుకున్నది ఇదే. మీ దగ్గర పనిచేసే మనిషి తప్పు చేసి, చేశానని ఒప్పుకుంటే, ఆ మనిషిని వదులుకోకండి. మీకు ఎంత మర్యాదగా చెప్పినా, ఎన్ని కాఫీలు పోసినా సరే. దుప్పట్ల గదికి పంపిస్తే వెళ్ళండి. అక్కడ కూడా కిటికీ ఉంటుంది.

ఇక ఎనిమిదో మిక్సీ. మామ్మగారు తీగలు విప్పించుకుని ఇంటికి వెళ్ళిన వారంలోనే కువైటమ్మాయి ఏజెంటు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళనని చెప్పి, పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకుంది. మర్నాడు వంటశాలలో పప్పు మిక్సీ తిరుగుతోంది, కానీ ఎప్పటిలా ఊగడం లేదు. వంగి చూశాను. ఊడిపోయిన కాలి కింద అట్టముక్క లేదు. నీలం అట్ట పాస్‌పోర్టు ఉంది.

"అయ్యో, ఇదేంటమ్మా! రేపెప్పుడైనా అవసరం పడితే?" అన్నాను.

"పడదండీ" అంది, మర తిప్పుతూ.

రిటైరైన రోజున ఆ మిక్సీ ఆమెకే ఇచ్చేశాను. తాడేపల్లిగూడెంలో వాళ్ళింట్లో ఉంది. దాని కింద పాస్‌పోర్టు గడువు ఎప్పుడో తీరిపోయింది.